ఏడు సీట్ల బండి

ముందు ఇద్దరు, మధ్యలో ముగ్గురు, వెనకాల ఎదురెదురుగా ఒక్కొక్కరు. ఎటునుంచి లెక్కపెట్టినా ఏడే. స్టీరింగు వెనక కూర్చుని ఆమె ఒకసారి అద్దంలోంచి చూసి లెక్కపెట్టింది, ఒకసారి మెడ తిప్పి లెక్కపెట్టింది, ఇంకోసారి కళ్ళు మూసుకుని వేళ్ళమీద లెక్కపెట్టింది. సీట్లేమన్నా వయసా, ఊరికే కూర్చుంటే పెరగడానికి. మూడు దాటి పది నిమిషాలయింది. మేస్త్రీ నాలుగింటికి వస్తానన్నాడు. ఆమె పనిచేసే కట్టుడు పళ్ళ ల్యాబులో గాలి కంప్రెసరు బాగుచేసే మనిషి ఆయన, జీపుల ఇంజన్లు కూడా తెలిసినవాడు, నాలుగంటే నాలుగే. అందాకా మీరే కూర్చుని చూసుకోండమ్మా, అలవాటవుతుంది అని బండి తలుపు తీసిపెట్టి, అమ్మే పెద్దాయన ఇంట్లోకి వెళ్ళి నడుం వాల్చాడు. అమ్మేవాడు ఇంత నిశ్చింతగా నిద్రపోతే కొనేవాళ్ళకు నమ్మకం కలగాలా, అనుమానం రావాలా? ఆమెకైతే రెండూ రాలేదు. రేకుల నీడలో బండి చల్లగా ఉంది. పాత రబ్బరు వాసన, ఎండకు కాగిన సీటు గుడ్డ వాసన. మామూలు గేరు కర్ర పక్కనే ఇంకో పొట్టి కర్ర, నాలుగు చక్రాలూ ఒక్కసారి లాగడానికి. దాని గుండు మీద అంకెలు ఎవరిదో అరచేతికి అరిగిపోయాయి. తలుపు సందుల్లో ఎర్రమట్టి గట్టిపడి ఉంది, గోటితో గీరితే రాదు. ఈ బండి చాలా చోట్లకు వెళ్ళొచ్చింది. తను వెళ్ళినన్ని చోట్లకన్నా ఎక్కువే.

"ఏడు సీట్లు చాలక్కా," అన్నాడు తమ్ముడు పోయిన ఆదివారం ఫోనులో. "మేం నలుగురం, చెల్లి వాళ్ళు ముగ్గురు. కరెక్టుగా సరిపోతాం. అంతకంటే పెద్ద బండి ఆ మలుపుల్లో తిరగదు." సరేరా అంది. ఫోను పెట్టేసింది. పొయ్యి మీద పాలు పొంగుతుంటే దించింది, గట్టు తుడిచింది, తుడిచిన గుడ్డ పిండి ఆరేసింది, అప్పుడు తట్టింది నాలుగూ మూడూ ఏడని. మరి తను? కొనేది తను. నలభై తొమ్మిదేళ్ళ వయసులో, ప్రతి మలుపు దగ్గరా డ్రైవింగు మాస్టారు గట్టిగా కళ్ళు మూసుకుంటుంటే, మూడు నెలలు పట్టుబట్టి నేర్చుకున్నదీ తనే. కానీ తమ్ముడు ఎప్పట్నుంచో నడుపుతున్నాడు కాబట్టి వాడే నడుపుతాడని వాడి లెక్కలో ముందే తేలిపోయింది. ఆ లెక్కలో తను ఎక్కడా లేదు. తీసేసినట్టు కూడా లేదు. తీసేయాలంటే ముందు ఉండాలి కదా. ఆదివారం నుంచి ఈ గురువారం దాకా పళ్ళు తోముకుంటున్నా, బస్సెక్కుతున్నా, పడుకుని ఫ్యాను చూస్తున్నా అదే కూడిక. అడగాలా, అడక్కుండా కొనెయ్యాలా, కొనకుండా ఊరుకోవాలా. మేస్త్రీ వచ్చి ఇంజను సంగతి ఎలాగూ చెబుతాడు. ఈలోపు తేలాల్సింది ఈ సంగతి, ఇది చెప్పే మేస్త్రీ ఎక్కడా లేడు.

అసలు బండి మాట ఎత్తింది ఆమే. కొండ ఇల్లు అని పిల్లలు పెట్టిన పేరు. పేరుకే ఇల్లు, రెండు గదులూ ఒక నీళ్ళ తొట్టీ. తమ్ముడూ చెల్లెలి భర్తా కలిసి కొన్నారు, కాస్త చాలకపోతే తనూ వేసింది. సిటీ నుంచి గంటన్నర. చివరి మూడు కిలోమీటర్లు రోడ్డని మర్యాదకు అనాలి గాని, వాన నీళ్ళు కోసుకుపోయిన గాడి. మామూలు కార్లు కిందే నిలబడిపోతాయి, అక్కణ్ణించి అద్దె జీపు. ఆ అద్దె జీపువాడు ఒకసారి వస్తాడు, ఒకసారి రాడు, వచ్చినా ఇంకొకళ్ళ సామాను ఎక్కించుకుని వస్తాడు. మొన్న వానల్లో పిల్లలతో సహా సగం దారిలో దింపేశాడట. ఆ కథంతా తమ్ముడు చెబుతుంటే మధ్యలో ఆమె నోరు జారింది, "మనమే ఒక జీపు కొనుక్కుంటే పోయె, నేను కొంటానురా" అని. అన్నాక గుండె దడదడలాడింది. ఇరవై ఏళ్ళపిల్ల అయితే ఆ దడకు వేరే పేరుండేది. ఎందుకన్నట్టు? ఎందుకో ఆమెకు తెలుసు. ఇద్దరి సంసారాలూ నాలుగేళ్ళుగా పదకొండుసార్లు వెళ్ళొచ్చిన ఆ కొండ ఇంటిని ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. ఫొటోలు చూసింది. ఫోను తెరిచి పడుకునే ముందు వేలితో జరుపుకుంటూ చూస్తుంది: మేనకోడలు రాయెక్కి నిలబడ్డది, మేనల్లుడు తొట్టిలో కాళ్ళు పెట్టుకున్నది, చెల్లి కొడుకు నోటి నిండా నురగతో పళ్ళు తోముకుంటున్నది, తమ్ముడు ఎవరో ఏదో అంటే విరగబడి నవ్వుతున్నది. ఆ నవ్వులో ముందు పన్ను ఆమె చేసింది. పధ్నాలుగేళ్ళప్పుడు సైకిలు మీంచి పడి విరగ్గొట్టుకుని వస్తే, ల్యాబులో చేరిన కొత్తల్లో, అందరూ ఇళ్ళకు పోయాక కూర్చుని పింగాణీతో కట్టింది. ఆ తర్వాత కొన్నేళ్ళకోసారి మారుస్తూనే ఉంది. మనిషి పళ్ళు వయసుతో పచ్చబడతాయి, కట్టుడు పన్ను పచ్చబడదు. పక్కవాటితో కలవాలంటే మళ్ళీ చేయాలి. తమ్ముడు కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని బుద్ధిగా నోరు తెరిచేవాడు. చివరిసారి వచ్చి ఎనిమిదేళ్ళయింది. ఫొటోల్లో ఆ ఒక్క పన్ను మరీ తెల్లగా కనిపిస్తోంది. వాడికి ఎవరూ చెప్పలేదేమో. ఆమె చేతి పన్ను పదకొండుసార్లు కొండ ఎక్కి దిగింది, చెయ్యి మాత్రం ఇక్కడే ఉంది.

పళ్ళ పనిలో ఉన్నవాళ్ళకు తెలుపు అనేది ఒక రంగు కాదు, ఒక ఊరు. పదహారు పళ్ళు గుచ్చిన పట్టీ ఒకటి ఆమె బల్ల సొరుగులో ఉంటుంది, పదహారూ తెలుపే, ఏ రెండూ ఒకటి కాదు. రంగు కలపాలంటే దీపం కింద చూడకూడదు, కిటికీ వెలుగులో చూడాలి. అయిదు క్షణాలకు మించి చూడకూడదు, చూస్తే కన్ను మొహమాటపడి ఒప్పేసుకుంటుంది. చూసి, బూడిదరంగు గుడ్డ వంక తిరిగి, కంటికి విశ్రాంతి ఇచ్చి, మళ్ళీ చూడాలి. ఇరవై అయిదేళ్ళుగా అదే పని. ఇందాక బండి చుట్టూ తిరుగుతున్నప్పుడు పెద్దాయన, "ఒక్క గీత పడలేదమ్మా, కడుపున పుట్టిన బిడ్డలా చూసుకున్నా" అంటుంటే ఆమె మాట వినలేదు, బండి రంగు చూసింది. మీగడ తెలుపు. అయిదు క్షణాలు చూసి, పక్కనున్న సిమెంటు గోడ వంక తిరిగి, మళ్ళీ చూసింది. ఎడమవైపు మధ్య తలుపు మిగతా బండి రంగు కాదు. పట్టీలో రెండో పన్నుకీ మూడో పన్నుకీ ఉన్నంత తేడా, అంతే, అమ్మిన షోరూంవాడికి కూడా కనిపించనంత. ఆ తలుపు కొత్తగా వచ్చింది, లేదా కొత్తగా రంగు వేసుకుంది. పశువుల సంతలో ఎద్దు పళ్ళు చూసి వయసు చెప్పేస్తారంటారు, పళ్ళు చూసే మనిషి బండి వయసు చెప్పడంలో వింతేముంది. మోసం పట్టుకున్నందుకు కోపం రావాలి గాని ఆమెకు లోలోపల సంతోషం వేసింది, ఆ సంతోషం చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేకపోవడం కూడా వెంటనే తెలిసింది. ల్యాబులో రోజంతా చేతుల్లో నోళ్ళే. ప్లాస్టరు అచ్చులు, ఒక్కోదానికి ఒక చీటీ, చీటీ మీద డాక్టరు గీసిన గీతలు. ఊళ్ళో ఎంతమంది దవడలో తెలుసు. ఎవరు నిద్రలో పళ్ళు కొరుకుతారో, ఎవరు ఒకవైపే నములుతారో తెలుసు. ఒక్క మొహం తెలియదు. బస్సులో ఎదురుగా కూర్చున్నావిడ నవ్వితే, ఆ కింది వరస నాది అని తెలిసిపోతుంది, చెప్పడానికి వీల్లేదు. సగం ఊరు ఆమె పళ్ళతో నవ్వుతోంది, ఆమెను చూసి కాదు.

బండిలో వెనక సీటు మడత దగ్గర ఏదో మెరిస్తే చెయ్యి పెట్టి తీసింది. చిన్నపిల్ల తలకు పెట్టుకునే క్లిప్పు, ఒక పూస ఊడింది. పెట్టిన చోటే పెట్టేసింది. అమ్మ ఎప్పుడూ అనేది, ఎవరింట్లోనూ ఏదీ తీసుకోకండి అని. అమ్మది ఒక పద్ధతి ఉండేది. ఎవరైనా ఏదైనా పెడితే, రండి కూర్చోండి అంటే, రెండుసార్లు వద్దనాలి. మూడోసారి కూడా అడిగితే అప్పుడు తీసుకోవాలి, అప్పుడు కూర్చోవాలి. మొదటిసారికే చెయ్యి చాపితే ఇంట్లో లేక వచ్చారనుకుంటారు. రెండోసారికి చాపితే ఆశపోతులనుకుంటారు. మూడోసారి అడిగారంటే మనస్ఫూర్తిగా అడిగినట్టు. అడగందే అమ్మయినా పెట్టదంటారు గాని, వాళ్ళమ్మ తన ఇంట్లో తన పిల్లల్ని కూడా మూడుసార్లు అడిగే వడ్డించేది, వాళ్ళూ రెండుసార్లు వద్దనే తినేవాళ్ళు. చూసేవాళ్ళకు నాటకం, వాళ్ళకు అది అన్నంతో పాటు ఉప్పు. అమ్మ పోయేనాటికి తమ్ముడికి పన్నెండు, చెల్లికి తొమ్మిది. ఆమెకు ఇరవై మూడు. ఆ ఇద్దరికీ ఆమే నేర్పింది ఈ రెండు వద్దులూ ఒక సరే. పక్కింటివాళ్ళు బిస్కెట్టు ఇస్తుంటే తమ్ముడు ఆమె వైపు చూసి వేళ్ళు మడిచి లెక్కపెట్టుకునేవాడు, ఒకటి, రెండు, మూడోదానికి మొహం విప్పారేది. మొహమాటానికి పోతే ఏమవుతుందో ఒక సామెత ఉంది, ఇంట్లో పెద్దవాళ్ళుంటే సగమే చెప్పే సామెత. ఆమెకు అది కాలేదు, ఇది అయింది.

మొదటిసారి కొండ ఇంటికి బయలుదేరినరోజు దారిలోనే కదా అని వాళ్ళ కారు ఆమె ఇంటి ముందు ఆగింది. మరదలు దిగి లోపలికొచ్చింది, వాకిట్లో నిలబడే, "వదినా, మీరూ రండి, సర్దుకుందాం" అంది. మంచి పిల్ల, మనసులో ఉన్నదే నోట్లో ఉంటుంది, వాళ్ళ పుట్టింట్లో ఏదైనా ఒక్కసారే అడుగుతారు, ఒక్కసారే జవాబు చెబుతారు. "అబ్బే, నాకు ల్యాబులో పనుంది, మీరు వెళ్ళిరండి" అంది ఆమె. అంటూనే లోపలి గదిలో ఏ సంచీ తీసుకోవాలో, కిటికీ తలుపులు వేసిందో లేదో, వంకాయరంగు చీర ఇస్త్రీకి వెళ్ళిందో వచ్చిందో అన్నీ చూసేసుకుంది కళ్ళతో. రెండోసారి అడగడానికి మరదలికి సమయమిస్తూ చెంగుతో చేతులు తుడుచుకుంది. చేతులు పొడిగానే ఉన్నాయి. "సరే వదినా, ఆదివారం కలుస్తాం" అని మరదలు గేటు వేసి వెళ్ళిపోయింది. కారులోంచి అందరూ చేతులూపారు. ఆమె కూడా ఊపింది. రెండోసారి ప్రయాణానికి ఫోనులో, "మీకు పనుంటుందేమో కదా వదినా" అని అడిగారు. అలా అడిగితే ఉందనే అంటారు ఎవరైనా. మూడోసారికి ఫొటోలే వచ్చాయి. మరదలి మీద కోపం లేదు, చెల్లి మీద కూడా అంత లేదు, అది చిన్నపిల్ల, అన్నీ మర్చిపోతుంది. తమ్ముడి మీద ఉంది. వాడికి తెలుసు. ఈ ప్రపంచంలో ఆమె వద్దు అంటే ఎన్నో వద్దో లెక్కపెట్టడం తెలిసినవాడు వాడొక్కడే, ఆ రోజు వాడు కారు ముందు సీట్లో కూర్చుని అద్దం సర్దుకుంటున్నాడు.

అయితే ఇప్పుడు తను చేస్తున్నదేమిటి? ఎవరూ ఇవ్వని సీటును తనే కొనుక్కుంటోంది. బండి నాది కాబట్టి నన్ను ఎక్కించుకోక తప్పదు అని. పిలవని పేరంటానికి కనీసం నడిచి వెళతారు. ఈవిడగారు పేరంటాన్నే కొని తెచ్చుకుంటోంది. ఈ ఆలోచన వచ్చేసరికి ఒంటరిగా ఉన్నా చెవులు వేడెక్కాయి. ల్యాబులో ఏమంటారో తెలుసు: మొగుడా పిల్లలా, ఆవిడకు ఏడు సీట్ల బండి ఎందుకో. అనరు కూడా, అనుకుంటారు. తమ్ముణ్ణీ చెల్లినీ పెంచడానికి పెళ్ళి మానుకుందని, త్యాగమని ఎవరైనా అంటే మాత్రం ఆమెకు ఒళ్ళు మండుతుంది. త్యాగం లేదు, గీగం లేదు. వచ్చిన సంబంధాల్లో ఒకడు పుస్తకాలు చదువుతావా అని కోప్పడినట్టు అడిగాడు, ఒకడు నచ్చాడు, ఆ నచ్చినవాడికి తను నచ్చలేదు, తర్వాత ఎవరూ రాలేదు, అంతే. రెండుసార్లు వద్దనే అవకాశం కూడా రాలేదు అక్కడ. వారం రోజులూ బాగానే గడుస్తుంది. ఆదివారం మధ్యాహ్నం మాత్రం గడవదు. తిన్న ఒక్క కంచం కడగడానికి ఎంతసేపు పడుతుంది? ఎంత మెల్లగా కడిగినా మూడు నిమిషాలు. ఆ తర్వాత ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, మోగిందేమో అని తిప్పి చూసి, మళ్ళీ బోర్లా పెడుతుంది. తనకు ఒంటరితనం లేదని చాలా ఏళ్ళు అనుకుంది, పుస్తకాలున్నాయి, పని ఉంది, పక్కింటివాళ్ళ పిల్లి ఉంది. ఉంది. ఒంటరితనం ఉంది. ఎవరిదో బండిలో కూర్చుని, ఎవరి పిల్లదో క్లిప్పు చూసి ఒప్పుకోవాల్సివచ్చింది గాని, ఉంది.

స్టీరింగు మీద చేతులు పెట్టింది. ఎత్తుగా ఉంది సీటు. ఇక్కణ్ణించి గోడ అవతలి వీధి కూడా కనిపిస్తోంది: బట్టలుతికే మిషను ఎక్కించుకుని తోపుడుబండి తోసుకెళుతున్న మనిషి, బడి నుంచి వస్తూ సంచీ నేలకేసి ఈడుస్తున్న పిల్ల. క్లచ్చి తొక్కి పొట్టి కర్ర వెనక్కి లాగింది. ఎక్కడో కింద గట్టిగా టక్కుమంది. భయపడి చుట్టూ చూసింది, ఎవరూ లేరు. మళ్ళీ లాగింది, మళ్ళీ టక్కు. బాగుంది. మూడోసారి ఊరికే లాగింది. ఎవరినో దృష్టిలో పెట్టుకోకుండా ఒక వస్తువు ఆమెకు నచ్చి ఎన్నాళ్ళయిందో. చెప్పులు కొన్నా చెల్లికి నచ్చుతాయా అని కొంటుంది, చెల్లి కాళ్ళు వేరే కొలతయినా సరే.

మేస్త్రీ నాలుగింటికి రెండు నిమిషాలుండగా వచ్చాడు. పలకరింపు కూడా లేకుండా గోనెపట్టా పరుచుకుని బండి కిందకు దూరిపోయాడు, రెండు కాళ్ళు మాత్రం బయట మిగిలాయి. ఆ అలికిడికి పెద్దాయన కళ్ళు నులుముకుంటూ వచ్చి నిలబడ్డాడు. ఇంజను ఆడించారు, ఆపారు, మళ్ళీ ఆడించారు. మేస్త్రీ లేచి చేతులు తుడుచుకుంటూ, "ఇంజను రాయి అండీ. చట్రం కూడా వంకర పోలేదు. తీసుకోవచ్చు" అన్నాడు.

"ఎడమ తలుపు మార్చారు," అంది ఆమె.

మేస్త్రీ వెళ్ళి వంగి చూశాడు, వేలితో కొట్టి చూశాడు, కీళ్ళ దగ్గర బోల్టులు చూశాడు. "అవునండీ. మీకెలా తెలిసింది?" అన్నాడు. పెద్దాయన, కోపంగా కాదు, నిద్ర మత్తు పోయిన గొంతుతో, "దారిలో ఇసుక లారీ ఆనుకుందమ్మా. మా ఆవిడ అటువైపే కూర్చుంది. దెబ్బ తగల్లేదు, ఒక్క గీత పడలేదు అన్నది తన సంగతి. కానీ మళ్ళీ ఎక్కలా. తను ఎక్కదని పిల్లలూ ఎక్కలా. మూడేళ్ళు నేనొక్కణ్ణే తిప్పుకున్నా, వెనకాల సీట్లకి దుమ్ము దులుపుకుంటా. ఇంక చాల్లే అనిపించింది" అన్నాడు. ఇంటి లోపల ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. బండి ఉన్నంతమాత్రాన మనుషులు ఎక్కరు. ఆ సంగతి ఏ మేస్త్రీ చెప్పాలో అని ఇందాకటి నుంచి చూస్తోంది ఆమె.

అప్పుడే తమ్ముడి ఫోను. ఆమె నాలుగడుగులు పక్కకు నడిచింది.

"చూశావా అక్కా? ఎలా ఉంది?"

"బాగుంది. మేస్త్రీ కూడా బాగుందన్నాడు."

"ఇంకేం, తీసేసుకో. శనివారం అందరం వెళ్ళొచ్చు."

"అందరం అంటే ఎవరెవర్రా?"

"అదేంటి, చెప్పాగా. మేం నలుగురం, వాళ్ళు ముగ్గురు."

"నేనెక్కడ కూర్చోవాలి?"

"నువ్వొస్తావా?" అన్నాడు. వెటకారం లేదు, విసుగు లేదు, వట్టి ఆశ్చర్యం. అదే ఆమెకు గుచ్చుకుంది. వద్దనుకుని ఉంటే పోట్లాడొచ్చు, అనుకోకపోతే ఏం చేస్తాం. "నువ్వెప్పుడూ రానంటావు కదక్కా," అన్నాడు.

"ఎన్నిసార్లన్నాను?"

"ప్రతిసారీ."

"మీరెన్నిసార్లు అడిగారు?"

అవతల వాడు వేళ్ళు మడుస్తున్నాడని ఆమెకు తెలుసు. "అక్కా," అన్నాడు చివరికి, "అది... నాకసలు గుర్తే లేదక్కా. ఒట్టు. పెళ్ళయ్యాక ఆ అలవాటే పోయింది." వాడు అబద్ధం చెప్పడం లేదు. గుర్తుండి చేశాడని అనుకున్నన్నాళ్ళూ ఆమెకు కోపమైనా తోడుండేది. వాడే మళ్ళీ, "సరే, నువ్వూ వచ్చేద్దువుగాని. ఎలాగో సర్దుదాం. వెనక సీట్లు నీ నడుముకి కష్టం... పిల్లల్లో ఎవరో ఒకళ్ళు... ఆగు, తనతో మాట్లాడి చెప్తా" అన్నాడు.

వద్దులేరా, మీరు వెళ్ళిరండి. ఆ మాట నాలుక చివర దాకా వచ్చేసింది, ఎన్నో ఏళ్ళుగా నడిచిన దారి కదా, పిలవకుండానే వస్తుంది. పళ్ళ బిగువున ఆపింది. "సరే, మాట్లాడి చెప్పు," అని పెట్టేసింది. ఏడుపు వస్తుందేమో అనుకుంది, రాలేదు. మేస్త్రీ నీళ్ళు తాగాడు. పెద్దాయన గోనెపట్టా మడిచి పెట్టాడు. ఆమె ఫోను చేతిలో పట్టుకుని గోడ నీడ గుమ్మం దాకా జరగడం చూస్తూ నిలబడింది. పావుగంటయింది. మాట్లాడి చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? వాళ్ళావిడ ఇంట్లో లేదేమో, ఉంటే ఏమనుకుంటోందో, చెల్లిని అడుగుతున్నారేమో, చెల్లి వాళ్ళాయన్ని అడుగుతోందేమో, ఒక్క మనిషికి ఒక్క సీటు కోసం రెండిళ్ళు కూర్చుని మాట్లాడుకోవాలి. అలా ఎదురుచూస్తూ నిలబడ్డ చోటే ఆమెకు తెలిసింది, తను ఇప్పుడు కూడా చెంగుతో పొడి చేతులు తుడుచుకుంటోందని.

"ఏమంటారమ్మా?" అన్నాడు పెద్దాయన.

"తీసుకుంటాను," అంది ఆమె.

మొదటిసారికే. చెక్కు రాసిచ్చింది. కాగితాలు ఎవరి పేరు మీద అని అడిగితే తన పేరు చెప్పింది. పెద్దాయన లోపలికి కేకేస్తే ఆయన భార్య గుమ్మం దాకా వచ్చి, బండి వైపు చూడకుండా ఆమె వైపే చూసి తలూపి లోపలికి వెళ్ళిపోయింది. మేస్త్రీ గేటు రెండు రెక్కలూ తీసి పట్టుకున్నాడు, "మెల్లగా అండీ, ఇది మీరు నేర్చుకున్న చిన్నకారు కాదు" అన్నాడు. ఆమె మెల్లగానే తీసింది. గోడకు తగల్లేదు. సందు చివర, పెద్ద రోడ్డు కలిసేచోట, పక్కకు తీసి ఆపింది. ఎండ ఇంకా ఉంది. ఇంటికి వెళ్ళాలంటే కుడివైపు. వెనక్కి తిరిగి చూస్తే ఆరు సీట్లు ఖాళీగా ఉన్నాయి, ఎంతసేపు చూసినా ఖాళీగానే ఉన్నాయి. ఇంటికి వెళితే ఈ బండిని వీధిలో పెట్టి, శనివారం దాకా కిటికీలోంచి చూడాలి, ఫోను తిప్పి తిప్పి చూడాలి. తమ్ముడికి ఫోను చేసింది.

"అక్కా, తను బజారుకెళ్ళింది, రాగానే మాట్లాడి..."

"దానికి కాదు. కొండ ఇంటికి దారెటురా?"

"ఎందుకు?"

"వెళుతున్నా."

"ఇప్పుడా? ఎవరున్నారు నీతో?"

"ఎవరూ లేరు."

"చీకటి పడుతుందక్కా. పైగా తాళంచెవి నా దగ్గరుంది."

అది ఆమెకు తట్టనే లేదు. ఆ ఇంటికో తాళం ఉంటుందని, అది తన దగ్గర లేదని, ఎప్పుడూ లేదని ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా అనుకోలేదు. లారీ ఒకటి హారను కొట్టుకుంటూ పక్కనుంచి పోయింది. ఆ మోత తగ్గేదాకా ఆగింది.

"ఫరవాలేదు," అంది. "బయటే కూర్చుని చూసి వస్తాను. నువ్వు దారి చెప్పు."

వాడు ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. "సిటీ దాటాక పెట్రోలు బంకు వస్తుందక్కా," అన్నాడు, ఒక్కో మాటా విడదీసి, "అక్కణ్ణించి ఎడమకి."

ఆమె ఫోను ఎదురుగా అద్దం కింద నిలబెట్టి, గేరు వేసింది.

"ఊఁ," అంది. "తర్వాత?"